‘ఇస్తాను’ అనే మాటకి ముందు

మా అక్క కూతురికి కాలేయ మార్పిడి తప్పదని తేలిన వారం, ఆస్పత్రి వెయిటింగ్ హాల్లో చదువుకోడానికని నేను సంచిలో వేసుకెళ్ళిన పుస్తకం జోడీ పీకో నవల ‘మై సిస్టర్స్ కీపర్’. ఎప్పుడో కొని పక్కన పడేసింది. అవయవదానం గురించే కదా, కాస్త ధైర్యం వస్తుందేమో అనుకున్నాను. మూడు రోజులు చదివాను. ధైర్యం రాలేదు సరికదా, నాలుగో రోజు నుంచి ఆ అట్ట అక్క కంట పడకుండా దానికి పేపరు చుట్టుకుని తిరిగాను.

పాపకి అప్పుడు ఎనిమిది నెలలు. జబ్బు పేరు బిలియరీ అట్రీసియా. కాలేయంలో ఊరే పైత్యరసం పేగులోకి వచ్చే నాళాలు మూసుకుపోతాయి. పుట్టిన రెండు నెలల్లోపు పట్టుకుంటే, మోరియో కసాయ్ అనే జపాన్ సర్జన్ పేరు మీదున్న ఆపరేషన్‌తో కొంతమంది పిల్లలు గట్టెక్కుతారు. "కసాయి ఆపరేషన్ చేస్తారట" అని బావ ఫోన్లో చెప్పినప్పుడు అమ్మ చేతిలో గిన్నె కింద పెట్టేసింది. ఆ గడువు కూడా మేం దాటేశాం. పచ్చగా ఉందంటే "ఎండలో పెట్టండి, పోతుంది" అన్నవాళ్ళే అందరూ. విరేచనం సున్నంలా తెల్లగా ఉంటే పరిగెత్తాలని ఎవరూ చెప్పలేదు. ఆలస్యంగా చేసిన ఆపరేషన్ నిలబడలేదు. ఇక మిగిలింది మార్పిడి. పెద్దవాళ్ళ కాలేయంలో ఎడమవైపు ముక్క కోసి పాపకి పెడతారు. మొత్తంలో నాలుగో వంతు కూడా ఉండదు.

ఎవరి ముక్క? పాపది ఓ పాజిటివ్. అక్కది ఏ. బావది ఓ, కానీ కాలేయంలో కొవ్వు ఎక్కువ. నాది ఓ. రిపోర్టులు వచ్చిన సాయంత్రం హాల్లో ఉన్న ఎనిమిది మందిలో ఒక్కరు కూడా నావైపు చూడలేదు. వాళ్ళు ఎంత జాగ్రత్తగా చూడటం మానుకున్నారో నాకు బాగా తెలిసింది.

ఆ పేపరు చుట్టిన పుస్తకం గురించీ, దాని తర్వాత ఆకలిగా వెతుక్కుని చదివిన, చూసిన మరికొన్ని కథల గురించీ ఈ వ్యాసం. నేను వాటిల్లో వెతికింది ఒక్కటే. పిల్లకో పిల్లాడికో అవయవం మార్చాల్సి వచ్చినప్పుడు, ఆపరేషన్‌కి ముందు వారాల్లో ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరైనా రాశారా? ఇస్తాను అనే మాట నోట్లోంచి రావడానికి ముందు ఒక మనిషి ఎక్కడెక్కడ తిరిగొస్తాడో ఎవరైనా చూపించారా?

*

2004లో వచ్చిన పీకో నవలని తీసిపారేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎయిర్‌పోర్టు పుస్తకం అంటారు. నాకు ఆ మాట అన్యాయమనిపిస్తుంది. కేట్‌కి 16 ఏళ్ళు, చిన్నప్పటి నుంచీ లుకేమియా. చెల్లెలు అన్నాకి 13. అన్నా పుట్టుకే అక్క కోసం. కేట్‌కి సరిపోయేలా ఏరి పెంచిన పిండం తను. పుట్టగానే బొడ్డుతాడు రక్తం ఇచ్చింది, తర్వాత తెల్లకణాలు, ఎముకమజ్జ. ఇప్పుడు కిడ్నీ అడుగుతున్నారు. అన్నా లాయరు దగ్గరికెళ్ళి అమ్మానాన్నల మీద కేసు వేస్తుంది. నా ఒంటి గురించి నిర్ణయం నాకే ఉండాలంటుంది.

నవలలో ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరు చెబుతారు. అన్నా, తల్లి సారా, తండ్రి బ్రయన్, అన్న జెస్సీ, లాయరు, కోర్టు నియమించిన మనిషి. కేట్‌కి మాత్రం ఉపసంహారం దాకా గొంతు లేదు. మొదట ఇది లోపమనుకున్నాను. ఆస్పత్రిలో కూర్చున్నాక ఇదే ఆ నవలలో అన్నిటికన్నా నిజమైన సంగతని అర్థమైంది. జబ్బు పడ్డ పిల్ల చుట్టూ అందరూ మాట్లాడుతూనే ఉంటారు. మంచం మీద నుంచి, మంచం చుట్టూ, మంచం గురించి. మంచంలో ఉన్న మనిషి వంతు రాదు. పీకో కావాలనే చేసిందో, చివర్లో మలుపు దాచడానికి చేసిందో గానీ, ఆ నిశ్శబ్దం నిజం.

అందరూ తిట్టే సారా దగ్గర కూడా నేను కాసేపు ఆగాలి. ఒక కూతురి కోసం ఇంకో కూతుర్ని కోయించే తల్లి అని పాఠకులు ఆమెని సులువుగా రాక్షసిని చేస్తారు. మా అమ్మ ఒకరోజు వంటింట్లో, నేను వింటున్నానని తెలీక, "వాడికింకా పెళ్ళి కూడా కాలేదు" అంది. అంతే. మళ్ళీ ఎప్పుడూ అనలేదు. తెల్లారి లేచి అక్కకి కారియర్ కట్టింది. కూతురి కూతురు ఒకవైపు, కొడుకు కడుపు మీద కోత ఒకవైపు. ఆ ఒక్క వాక్యం అనడానికి ఆవిడ ఎంత ఆలోచించిందో, అన్నాక ఎంత సిగ్గుపడిందో నేను ఊహించగలను. సారా అధ్యాయాల్లో ఆ సిగ్గు లేదని విమర్శించొచ్చు. ప్రేమ లేదని మాత్రం అనలేం.

అయితే నవల మోసం చేసే చోట్లు రెండున్నాయి. రెండూ పెద్దవే.

మొదటిది కోర్టులో. అన్నా ఎందుకు ఎదురుతిరిగిందో అక్కడ తేలుతుంది. తనని ఇవ్వొద్దని అడిగింది కేటే. ఇక పోరాడే ఓపిక లేదు, వదిలెయ్యమంది. దాంతో పాఠకుడు హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు. పాపం, అన్నా స్వార్థపరురాలు కాదు! కానీ నవల అంతా మనల్ని అడుగుతూ వచ్చిన ప్రశ్న ఏమిటి? ఒక మనిషి, ఎంత ప్రేమ ఉన్నా, తన కోసమే తను కాదనొచ్చా అని. పీకో అన్నాకి ఆ అవకాశం ఇచ్చినట్టే ఇచ్చి లాగేసుకుంది. ఆమె కాదనడం కూడా అక్క కోసమే అయింది. ఆ పేజీ దగ్గర నాకు చాలా కోపం వచ్చింది. అప్పటికి నాలో ఉన్న ‘వద్దు’కి ఏ అక్కా కారణం కాదు. నాకు భయం వేసింది, అంతే.

రెండోది ముగింపు. జడ్జి అన్నా పక్షాన తీర్పిస్తాడు. ఇప్పుడు ఆ పిల్ల ఏం చేస్తుంది? స్వేచ్ఛ వచ్చాక ఇస్తుందా, ఇవ్వదా? తెలుసుకునే లోపే కారు ప్రమాదం. అన్నా బ్రెయిన్ డెడ్. కిడ్నీ కేట్‌కి వెళుతుంది. నిర్ణయం తీసుకోవాల్సిన మనిషిని చంపేస్తే నిర్ణయం గొడవే ఉండదు. 2009లో నిక్ కాసవెటెస్ సినిమాగా తీసినప్పుడు ముగింపు మార్చి, కేట్ చనిపోయినట్టు చూపించాడు. చాలామంది అభిమానులు నొచ్చుకున్నారు. నాకైతే ఆ మార్పే నిజాయితీగా ఉంది. ప్రమాదం వచ్చి ఎవరినీ ఒడ్డున పడెయ్యలేదు.

తమాషా ఏంటంటే, అదే దర్శకుడు 2002లో తీసిన ‘జాన్ క్యూ’లో ప్రమాదమే ఒడ్డున పడేస్తుంది. కొడుక్కి గుండె మార్చాలి, ఇన్సూరెన్స్ సరిపోదు. డెంజెల్ వాషింగ్టన్ తుపాకీ పట్టుకుని ఆస్పత్రిని బందీ చేస్తాడు, చివరికి తన గుండే తీసి పెట్టమని తుపాకీ తనకే గురిపెట్టుకుంటాడు. ఈలోగా ఎక్కడో కారు ప్రమాదంలో పోయినామె గుండె సరిపోతుందని కబురొస్తుంది. తండ్రి బతికాడు, కొడుకూ బతికాడు. డబ్బు లేనివాడి కోపాన్ని ఆ సినిమా బాగా పట్టుకుంది. కానీ ఆ గుండె ఎవరి ఇంట్లోంచి వచ్చిందో, ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో దానికి అక్కర్లేదు. కథ చివర్లో వచ్చే ప్రమాదం ఎప్పుడూ ఇంతే. పాఠకుడికి బాధా, ఉపశమనమూ ఒకేసారి అందించి, అడగాల్సిన ప్రశ్న తీసుకుని వెళ్ళిపోతుంది.

*

మన కథలు వేరేగా ఉంటాయా? ఆ రోజుల్లో మా ఇంట్లో తిరిగిన కథలన్నీ మనవే. బావ వాళ్ళమ్మగారు రోజూ ఎవరో ఒకరికి ఫోన్లో కన్నప్ప కథ చెప్పేవారు. శ్రీకాళహస్తి మాకు మూడు గంటల దూరం. తిన్నడు ఒక కన్ను పెరికి శివుడికి పెట్టాడు. రెండో కన్ను పీకేముందు, చూపు పోయాక చోటు తెలియాలని కాలివేలు ఆనవాలుగా పెట్టుకున్నాడు. ఇచ్చేవాడి తయారీ గురించి ఇంతకన్నా కచ్చితమైన వివరం నేనెక్కడా చదవలేదు. ధూర్జటి కావ్యం తెలీనివాళ్ళకి కూడా ఆ కాలివేలు తెలుసు.

కానీ ఆ కథ ఎలా ముగుస్తుంది? శివుడు ఆపుతాడు. చూపు తిరిగొస్తుంది. శిబి చక్రవర్తి మాంసం కోసి తక్కెట్లో వేశాడు, ఆయన దేహం మళ్ళీ మామూలైంది. శ్రీనాథుడి హరవిలాసంలో చిరుతొండనంబి దంపతులు కన్నకొడుకు సిరియాళుణ్ణే వండిపెట్టారు, పిలవగానే పిల్లాడు తిరిగొచ్చాడు. మన కథల్లో ఇవ్వడం ఒక పరీక్ష. పాసైతే ఇచ్చింది వాపసు. మన అవయవాల్లో కాలేయం ఒక్కటే ఈ పురాణం ప్రకారం నడుచుకుంటుంది. కోసిన ముక్క పోను మిగిలింది కొన్ని నెలల్లో దాదాపు మునుపటి సైజుకి పెరుగుతుంది. సర్జన్ ఈ సంగతి చెప్పినప్పుడు అత్తయ్యగారు దణ్ణం పెట్టారు. ఆయన ఆ వెంటనే ఇంకోటి కూడా చెప్పాడు. దాత ప్రాణానికి ముప్పు చాలా చిన్నది, కానీ సున్నా కాదు. ఆ రెండో వాక్యం ఇంటికొచ్చేసరికి ఎవరికీ గుర్తులేదు.

త్యాగం అనే మాటతో నాకున్న పేచీ ఇదే. ఆ మాట ఇంట్లోకి వచ్చాక ఇచ్చేవాడికి ఇక మాట్లాడ్డానికేం ఉండదు. "మేనమామ ఉండగా భయమేంటి" అని అత్తయ్యగారు లిఫ్టులో ఎవరితోనో అన్నారు. ఆవిడ ఉద్దేశం మంచిదే, గర్వంగానే అన్నారు. నేను పక్కనే నవ్వుతూ నిలబడ్డాను. కన్నప్పకి భయం వేసిందా అని ఆ కథ చెప్పేవాళ్ళెవరూ అడగరు. అడిగితే కథ ఆగిపోతుంది. ఆస్పత్రిలో మాత్రం ఆ ప్రశ్న అడిగి తీరాలి.

మన కాలపు కథల్లో కన్నప్ప చోటులోకి అంబులెన్స్ వచ్చింది. 2008లో చెన్నైలో 15 ఏళ్ళ అబ్బాయి బ్రెయిన్ డెడ్ అయితే, డాక్టర్లైన తల్లిదండ్రులు అవయవాలు దానం చేశారు. గుండె 9 ఏళ్ళ అమ్మాయికి వెళ్ళింది. పోలీసులు రోడ్డు ఖాళీ చేయించారు. ఆ సంఘటన స్ఫూర్తితో 2011లో రాజేష్ పిళ్ళై మలయాళంలో ‘ట్రాఫిక్’ తీశాడు. బాబీ-సంజయ్‌ల స్క్రీన్‌ప్లే ఇప్పటికీ చెప్పుకునేంత బిగువుగా ఉంటుంది. ఆ తర్వాత మనకి గ్రీన్ కారిడార్ వార్తలు అలవాటైపోయాయి. సినిమా బాగుంటుంది, కాదనను. కానీ దాని గడియారం రోడ్డు మీదే తిరుగుతుంది. దాత తల్లిదండ్రులు ఒప్పుకోవడం అందులో బండి కదలడానికి దాటాల్సిన ఒక మలుపు. గుండె వెళ్ళే ఇంట్లో మర్నాటి నుంచి జీవితాంతం గంట కొట్టినట్టు వేసుకోవాల్సిన మందులు దాని పరిధిలో లేవు. పరుగు తీసినంత సులువుగా ఎదురుచూపుని తీయలేం. మా రోజులు ఎక్కువగా ఎదురుచూపే. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పట్టి పాపని అరకిలో పెంచడం. మార్పిడి తర్వాత కొన్ని రకాల టీకాలు వెయ్యకూడదు కాబట్టి ముందే ఏవి వేయించొచ్చో లెక్క చూసుకోవడం. ఆస్పత్రికి దగ్గర్లో మూడు నెలలకి గది వెతకడం. ఇందులో సైరన్ ఎక్కడా లేదు.

*

నేను వెతుకుతున్నదానికి దగ్గరగా వచ్చిన పుస్తకం ఫ్రెంచిది. మెలిస్ ద కెరంగాల్ 2014లో రాసిన నవల. ఇంగ్లీషులో ‘మెండ్ ద లివింగ్’ అనీ, ‘ద హార్ట్’ అనీ రెండు అనువాదాలున్నాయి. సర్ఫింగ్ నుంచి తిరిగొస్తూ సిమోన్ అనే కుర్రాడు వ్యాన్ ప్రమాదంలో పడతాడు. అక్కడి నుంచి అతని గుండె ఇంకొకరి ఛాతీలో కొట్టుకునేదాకా, ఒక్క రోజు కథ. ఇక్కడ ప్రమాదం మొదట్లోనే అయిపోయింది. అది చిక్కుముడి విప్పడానికి రాలేదు, వెయ్యడానికి వచ్చింది. పీకో నవలకీ దీనికీ నాకు కనపడే ముఖ్యమైన తేడా ఇదే.

నవల గుండెకాయ అనదగ్గ భాగం ఒక గదిలో జరుగుతుంది. తోమా రెమీజ్ అనే కోఆర్డినేటర్, సిమోన్ తల్లి మరియాన్, తండ్రి షాన్. అతను వాళ్ళని ఒప్పించడానికి రాలేదు. అడగడానికి వచ్చాడు. రెండిటికీ తేడా ఎంతుందో ఆ పేజీలు చదివితే తెలుస్తుంది. ఎంతసేపు మాట్లాడాలి, ఎక్కడ ఆగాలి, ఏ మాట ముందు ఏ మాట తర్వాత అన్నది అతనికి వృత్తి నేర్పిన మర్యాద. ఆ తల్లిదండ్రులు ఒప్పుకుంటారు, కానీ కళ్ళు ఇవ్వమంటారు. ఆ ఒక్క ‘వద్దు’ని రెమీజ్ మారుమాట లేకుండా గౌరవిస్తాడు. గుండె ఆపేముందు సిమోన్ చెవిలో కొన్ని మాటలు చెప్పమనీ, సముద్రం చప్పుడు వినిపించమనీ వాళ్ళు అడుగుతారు. ఆపరేషన్ థియేటర్లో, అందరూ కత్తులు పట్టుకుని ఆగి ఉండగా, అతను ఆ పని చేస్తాడు.

కళ్ళు వద్దనగలిగారు కాబట్టే వాళ్ళు గుండె ఇవ్వడం నిజమైన ఇవ్వడం అయిందని నాకనిపించింది. కాదనడానికి వీల్లేని చోట ఔననడానికి విలువేముంది?

ఈ నవలకీ పరిమితులున్నాయి. వాక్యాలు ఒక్కోసారి పేజీ దాటి పరిగెడతాయి, ప్రతి పాత్రకీ ఒక చిన్న జీవితచరిత్ర ఇచ్చే అలవాటుతో కథ చల్లబడుతుంది. ముఖ్యంగా, గుండె అందుకునే మనిషి యాభై దాటిన అనువాదకురాలు. పుచ్చుకోవడం ఆమెకి భారం, ఆ భారం గురించి ఆలోచించుకోగలదు. ఎనిమిది నెలల పిల్లకి ఆ ఆలోచన లేదు. ఆ భారమంతా ఆమె బదులు ఇంట్లోవాళ్ళు మోస్తారు. ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఒకే కంచం దగ్గర కూర్చునే ఇంటి కథ కెరంగాల్ రాయలేదు.

*

ఆ ఇంటి కథలో ఒక దృశ్యం నేను చెప్పగలను.

మన ఇళ్ళల్లో మేనమామ అంటే తండ్రి తర్వాత తండ్రి. బారసాలలో, చెవులు కుట్టించేటప్పుడు పిల్ల కూర్చునేది అతని ఒళ్ళోనే. కానీ అవయవ మార్పిడి చట్టంలో మేనమామ దగ్గరి బంధువు కాడు. 1994 కేంద్ర చట్టం లెక్కలో దగ్గరి బంధువులంటే భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు. 2011 సవరణ తాతయ్యలనీ, అమ్మమ్మ నాయనమ్మలనీ, మనవలనీ చేర్చింది. మేనమామ రెండిట్లోనూ లేడు. కాబట్టి నేను ఇవ్వాలంటే ఆథరైజేషన్ కమిటీ ముందు కూర్చుని, డబ్బు తీసుకోవట్లేదనీ, బలవంతం లేదనీ, ప్రేమతోనే ఇస్తున్నాననీ చూపించాలి. ప్రేమకి ఆధారాలు సేకరించే పని అక్కదీ నాదీ. బారసాల ఫొటో, అక్క పెళ్ళి ఆల్బమ్, రేషన్ కార్డు. అవి వరసగా ఫైల్లో పెడుతుంటే అక్క ఒక్కసారిగా నవ్వింది. "ఇన్నేళ్ళూ నువ్వు నా తమ్ముడివని ఎవరూ కాగితం అడగలేదురా" అంది. ఆ నెలంతా తను నవ్వింది అప్పుడొక్కసారే.

కమిటీ కన్నా ముందు ఆస్పత్రి కౌన్సెలర్ నన్ను ఒక్కణ్ణే పిలిచింది. తలుపు వేసి, నొప్పి ఎన్నాళ్ళు ఉంటుంది, ఎన్ని వారాలు బరువులెత్తకూడదు, ఏమేం తేడా రావచ్చు, అన్నీ చెప్పింది. చివర్లో, "మీకు వద్దనిపిస్తే, ఏ క్షణంలోనైనా సరే, నాకు చెప్పండి. మెడికల్‌గా సరిపోలేదని మేం చెబుతాం. మీ ఇంట్లో ఇంకేం తెలియదు" అంది.

ఇది ఆవిడ సొంత తెలివి కాదని తర్వాత తెలిసింది. దాత మనసు మారితే అతని పేరు బయటపడకుండా డాక్టర్లు ఆ సాకు తమ మీద వేసుకోవడం చాలా దేశాల్లో ఉన్న పద్ధతి. అది అబద్ధం కదా అని వైద్యనీతి రాసేవాళ్ళు వాదించుకుంటూ ఉంటారు కూడా. నాకు మాత్రం ఆ క్షణంలో అది అన్ని నవలల కన్నా గొప్ప కథలా వినిపించింది. కాదన్నవాడు మళ్ళీ అదే ఇంట్లో, అదే అక్క చేతి అన్నం తినాలి. అతని ‘వద్దు’కి దాక్కోడానికి ఒక కథ కావాలి. పీకో ఆ ‘వద్దు’ని కోర్టుకెక్కించి, ఆఖరికి ప్రేమ అని ముద్ర వేసింది. మన పురాణాలు దాన్ని పుట్టనివ్వనే లేదు. పేరు కూడా తెలియని ఒక కౌన్సెలర్ దానికి ఒక గది ఇచ్చింది. నేను ఏమీ అనలేదు. మంచినీళ్ళు అడిగాను. తాగి, బయటికొచ్చి, సంతకం పెట్టాను. ఆ తలుపు తెరిచే ఉందని తెలిశాక పెట్టగలిగాను.

చివరికి నా అవసరం రాలేదు. బావ ఆరు వారాలు అన్నం మానేసి, తెల్లవారుజామున మేడ మీద గంటన్నర నడిచి, తొమ్మిది కిలోలు తగ్గాడు. మళ్ళీ స్కాన్ తీస్తే కొవ్వు తగ్గింది. సర్జన్ తండ్రే సరిపోతాడన్నాడు. అందరం బావని కౌగిలించుకున్నాం. నేను బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. అది బావ సన్నబడ్డాడన్న సంతోషం మాత్రమే కాదు. ఇచ్చే తయారీలో ఉన్న మనిషికి ‘నువ్వు అక్కర్లేదు’ అన్నప్పుడు కలిగే ఆ తేలిక, దాని వెనకే వచ్చే సిగ్గు. ఈ రెండూ కలిసి ఉన్న పేజీ నేను ఇంకా ఎక్కడా చదవలేదు.

*

ఇంకొక సంగతి, పిల్లలకి చెప్పడం. ఇషిగురో ‘నెవర్ లెట్ మీ గో’ (2005)లో అవయవాలు ఇవ్వడానికే పెంచుతున్న పిల్లలకి ఆ విషయం దాచరు. అర్థం చేసుకునే వయసుకి కాస్త ముందే, చెప్పీ చెప్పనట్టు చెబుతూ పోతారు. నిజం తెలిసే వయసొచ్చేసరికి అది వాళ్ళకి పాత సంగతిలా ఉంటుంది, ఆశ్చర్యపోవడం కూడా రాదు. ఆ నవలలో నన్ను భయపెట్టింది ఆపరేషన్లు కాదు, ఈ చెప్పే పద్ధతి. ఎందుకంటే అది మన ఇళ్ళ పద్ధతే. "ఏం కాదు, చిన్న సూది" అంటాం. తలుపు దగ్గర గొంతు తగ్గిస్తాం.

అక్కకి పెద్దాడు ఉన్నాడు, అప్పుడు ఆరేళ్ళు. వాడికి ఎవరూ ఏం చెప్పలేదు. నాన్నని, చెల్లిని ఒకే రోజు ఆపరేషన్‌కి తీసుకెళతారని మాత్రం ఎలాగో పట్టేశాడు. కౌన్సెలర్ అక్కతో, వాడికి బొమ్మ గీసి చెప్పమంది. అక్క పాత క్యాలెండరు వెనక నాన్న పొట్ట గీసింది, అందులో కాలేయం, దాని చివర చిన్న ముక్క, ఆ ముక్క చెల్లి పొట్టలోకి వెళ్ళే బాణం గుర్తు. వాడు చాలాసేపు చూశాడు. "చెల్లి పెద్దయ్యాక నాన్నది నాన్నకి ఇచ్చేస్తుందా?" అన్నాడు. ఇవ్వక్కర్లేదు, నాన్నకి మళ్ళీ పెరుగుతుంది అంది అక్క. "నాకూ తీస్తారా?" అన్నాడు వెంటనే. పదమూడేళ్ళ అన్నా అంత పెద్ద నవలంతా అడిగిన ప్రశ్న అదే. పద్దెనిమిది నిండనివాళ్ళ దగ్గర తీసుకోరని అక్క వాడికి చెప్పింది. వాడు నమ్మడానికి రెండు రోజులు పట్టింది.

మా సర్జన్ ధైర్యం చెప్పడానికి ఒక కథ వాడేవాడు. 1998 నవంబరులో ఢిల్లీలో, కాంచీపురం నుంచి వచ్చిన 20 నెలల పిల్లాడికి తండ్రి కాలేయం ముక్క పెట్టారు. జబ్బు మా పాపదే. మన దేశంలో పిల్లల కాలేయ మార్పిడి విజయవంతం కావడం అదే మొదటిసారి. ఆ పిల్లాడు పెరిగి డాక్టరయ్యాడు. నిజంగా జరిగిన కథ ఇది, ఎంతోమందికి బలం. నాకూ ఇచ్చింది. అయితే ఆ కథలో కూడా 1998 అక్టోబరు లేదు. కాంచీపురంలో ఆ ఇంట్లో ఆ నెల ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకున్నారో, ఎవరికి భయం వేసిందో లేదు. తెలుగులో ఎవరైనా ఆ అక్టోబరు లాంటి నెలని రాస్తే చదవాలని ఉంది. యాక్సిడెంటు వద్దు, దేవుడు వచ్చి చెయ్యి పట్టుకోవడం వద్దు. ఒక హాలు, ఎనిమిది మంది, ఒక బ్లడ్ గ్రూపు రిపోర్టు చాలు.

పాపకి ఇప్పుడు అయిదేళ్ళు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి టాక్రోలిమస్ వేసుకుంటుంది. కడుపు మీద గీత గురించి అడిగితే బావ తన చొక్కా పైకెత్తి తనది చూపిస్తాడు. పోయిన నెల అక్క నా పుస్తకాల్లోంచి ఆ పేపరు చుట్టిన నవల లాగి, ఒక్క వారంలో చదివేసింది. నేను భయపడుతూ ఎలా ఉందని అడిగాను. "ఆ ఇంట్లో అత్తగారి మాట వినపడదేంట్రా?" అంది ముందు. తర్వాత కాసేపాగి, "ఆ చిన్నపిల్లని ఒక్కసారి కూడా పక్కన కూర్చోబెట్టుకుని, నీకు భయంగా ఉందా అని ఎవరూ అడగలేదు" అంది.

నన్నూ అక్క అప్పట్లో అడగలేదు. ఆ మాట అన్నాక నా వైపు చూసింది. ఈసారి చూపు తిప్పుకోలేదు.